స్వీడన్ బ్యాండ్లు ఇంగ్లీషులో పాడితే ఏం పోతుంది?

బెజవాడ_బేస్ (చర్చ మొదలుపెట్టినవారు)

రెండేళ్లుగా నా ఫోన్‌లో సగం పాటలు స్వీడన్‌వే. హోరెత్తించే మెటల్‌తో మొదలుపెట్టి మెత్తగా సాగే సోల్ దాకా వచ్చాను. వినేకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడుతోంది. తిట్టేవాళ్లు తిట్టండి, చెప్పేస్తున్నాను: స్వీడన్ బ్యాండ్లు స్వీడిష్‌లో పాడినప్పుడే బాగుంటాయి. ఇంగ్లీషులో ప్రాణం ఉండదు, డబ్బింగ్ సినిమా చూస్తున్నట్టు ఉంటుంది. పెదాలు ఒక దారి, మాట ఒక దారి.

ఊరికే అనడం లేదు. ఓపెత్ అనే మెటల్ బ్యాండ్ 2019లో 'ఇన్ కౌడా వెనేనుమ్' ఆల్బమ్‌ని రెండుసార్లు పాడి, స్వీడిష్‌లో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి విడుదల చేసింది. ముందు రాసుకున్నది స్వీడిష్‌లోనే. వాయిద్యాలు అవే, పాడింది అదే మికాయెల్ ఓకర్‌ఫెల్ట్. ఇంతకన్నా మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది? నెల రోజులపాటు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి విన్నాను. స్వీడిష్‌లో గొంతు ట్యూన్ మీద వాలిపోతుంది. ఇంగ్లీషులో అదే చోట అక్షరాలు ఇరుకు బస్సులో సీటు కోసం సర్దుకుంటున్నట్టు ఉంటాయి.

తీరా 2024 నవంబరులో వచ్చిన 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' మళ్లీ పూర్తిగా ఇంగ్లీషు. 2008 'వాటర్‌షెడ్' తర్వాత మొదటిసారి ఆల్బమ్‌లో గ్రౌల్స్ (గొంతు లోతుల్లోంచి వచ్చే గర్జనలు) వినిపించాయని లోకమంతా పండగ చేసుకుంది. నేను మాత్రం సగం ఆనందమే పడ్డాను.

అటు చూస్తే స్టాక్‌హోమ్‌లో దీనా ఓగొన్ అని నలుగురు ఉన్నారు. ఆ పేరుకి అర్థం 'నీ కళ్ళు'. (రెండో మాటలో మొదటి అచ్చుకి మన లిపిలో అక్షరం లేదు, ఇలాగే చదువుకోండి.) 70ల నాటి సోల్, మెత్తటి గిటారు, పైన ఆన్నా ఆన్‌లుండ్ గొంతు, అంతా స్వీడిష్. 2021లో మొదటి ఆల్బమ్, 2023లో 'ఓయాస్', 2024లో 'ఓరియన్'. ఒక్క ముక్క అర్థం కాకుండానే మూడూ అరిగిపోయేలా విన్నాను. ఇదే ఇంగ్లీషులో పాడి ఉంటే ఏదో కాఫీ షాపులో వెనక మోగే సంగీతం అనుకుని వదిలేసేవాణ్ణి.

---

డబుల్_పెడల్

అన్నా, రెండు బ్యాండ్లు చూపించి దేశం మొత్తానికి తీర్పు చెప్తే ఎట్ల?

మెషుగ్గా అనే మెటల్ బ్యాండ్ విన్నవా? ఊమెఓ అనే ఊరి నుంచి వచ్చినోళ్లు. 2022లో 'ఇమ్యూటబుల్' ఇచ్చిన్రు. సాహిత్యం ఎక్కువగా డ్రమ్మర్ తోమాస్ హాకే రాస్తడు, ఇంగ్లీషులోనే. యెన్స్ కిడ్‌మన్ ఆ మాటల్ని అరుస్తుంటే అది ఇంకో డ్రమ్ములెక్క ఉంటది. అక్కడ స్వీడిష్ అయినా స్వాహిలీ అయినా ఒక్కటే.

ఇంకోటి. 2009లో ఓపెత్ ఐఐటీ మద్రాస్ సారంగ్ ఫెస్ట్‌కి వచ్చినప్పుడు నేను చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీ ఎక్కి పోయిన. నా చుట్టూ ఉన్నోళ్లు తమిళం, మలయాళం, కన్నడ. పాట మొదలైతే అందరూ గొంతు చించుకుని పాడిన్రు. స్వీడిష్ అయితే పాడేవాళ్లా? నోరు తెరిచి చూసేటోళ్లం అంతే.

---

కిస్టా_కాఫీ

నేను స్టాక్‌హోమ్‌లో 11 ఏళ్లుగా ఉంటున్నాను, స్వీడిష్ పరీక్షలు పాసై, పిల్లల చేత ఉచ్చారణ మీద నవ్వించుకునే దశకి వచ్చాను. కాబట్టి రెండు మాటలు.

బేస్ గారూ, మీకు భాష రాదు. రాని భాష ఎప్పుడూ అందంగానే వినిపిస్తుంది. మీరు 'ప్రాణం' అంటున్నది కొంత అర్థం కాకపోవడం వల్ల వచ్చిన మత్తు. నాకు ఇప్పుడు రేడియోలో స్వీడిష్ పాప్ పాటల మాటలు అర్థమవుతాయి. చాలావాటిలో ఏమీ లేదు. నువ్వు వెళ్లిపోయావు, వేసవి అయిపోయింది, అంతే.

కానీ ఓపెత్ విషయంలో మీ చెవి తప్పేం చెప్పలేదు, దానికి కారణం ఉంది. స్వీడిష్‌లో ఒత్తి పలికే అక్షరంలో అచ్చు అయినా సాగుతుంది, లేదంటే హల్లు అయినా రెట్టిస్తుంది. 'గ్లాస్' అని సాగదీస్తే తాగే గ్లాసు. 'గ్లస్స్' అని కొడితే ఐస్‌క్రీమ్. 'కల', 'కాల', 'కల్ల' తేడా పుట్టుకతో తెలిసిన తెలుగు చెవికి ఇది ఇంటి భోజనంలా ఉంటుంది. పైగా స్వరంలో కూడా తేడా ఉంది. 'అండెన్' అనే మాటని ఒక రకంగా పలికితే బాతు, ఇంకో రకంగా పలికితే ఆత్మ. స్పెల్లింగ్ ఒకటే. మాటలోనే ఇంత ఎత్తుపల్లం ఉన్న భాషలో రాసుకున్న ట్యూన్‌ని ఇంగ్లీషులోకి మారిస్తే ఇరుకు అనిపించడం సహజం.

అయితే దీన్నిబట్టి తేలేది ఏమిటి? స్వీడిష్‌లో పుట్టిన ట్యూన్ స్వీడిష్‌లో బాగుంటుంది. ఇంగ్లీషులో పుట్టిన ట్యూన్ సంగతి ఇందులో లేదు కదా.

---

బెజవాడ_బేస్

గ్లాస్, గ్లస్స్! ఇది తెలియక ఇన్నాళ్లు విన్నానా. థాంక్స్ అండి.

కానీ "ఇంగ్లీషులో పుట్టిన ట్యూన్" అన్నారే, నా అనుమానం అక్కడే. ఇంట్లో స్వీడిష్, గొడవపడితే స్వీడిష్, కలలో స్వీడిష్, పాట మాత్రం ఇంగ్లీషులో ఎలా పుడుతుంది? మార్కెట్ కోసం పుడుతుంది.

---

సందు_చివర_స్పీకర్

మార్కెట్ అంటే గుర్తొచ్చింది. బ్రిట్నీ స్పియర్స్ 1998 నాటి మొదటి హిట్ రాసింది స్టాక్‌హోమ్ మనిషి మాక్స్ మార్టిన్. పల్లవిలో 'హిట్ మీ' అంటే 'నాకు ఫోన్ చెయ్' అనుకుని రాశాడని కథ. అమెరికా వాళ్లు కంగారుపడ్డారట. పాట మాత్రం ప్రపంచమంతా తిరిగింది. తప్పు ఇంగ్లీషుతో కూడా ప్రాణం పోయొచ్చు బ్రదర్ 😄

---

డబుల్_పెడల్

2025 ఏప్రిల్ 25 గురించి ఎవరూ మాట్లాడరేంది? ఒక్క రోజే రెండు స్వీడన్ ఆల్బమ్‌లు. ఘోస్ట్ 'స్కెలెటా', వయాగ్రా బాయ్స్ తమ పేరునే అటూ ఇటూ విరిచి పెట్టుకున్న ఆల్బమ్. రెండూ ఇంగ్లీషే. 'స్కెలెటా' అమెరికా బిల్‌బోర్డ్ 200 ఆల్బమ్‌ల పట్టికల దిగుడు దిగుడే ఒకటో స్థానం. లింషోపింగ్ అనే ఊర్లె మాస్కు పెట్టుకుని మొదలైన బ్యాండ్ అది!

ఇవి డబ్బింగ్ సినిమాలా?

---

కిస్టా_కాఫీ

ఆ రెండూ పక్కపక్కన పెట్టడం మంచి పని చేశారు, ఎందుకంటే వాటిలో ఇంగ్లీషు చేసే పని వేరువేరు.

ఘోస్ట్ అంతా వేషం. తోబియాస్ ఫోర్య్ పోప్ వేషం కడతాడు, ఆల్బమ్ మారితే పోప్ మారతాడు, 'స్కెలెటా'లో ఉన్నది పాపా ఐదో పర్‌పెటువా. సంగీతం 80ల అమెరికా స్టేడియం రాక్. స్వీడన్ లూథరన్ దేశం, పోప్ ఇక్కడివాడు కాదు. అంటే దైవం పరాయిది, సంగీతం పరాయిది, వేషం పరాయిది. భాష ఒక్కటి సొంతది పెడితే మేకప్ తుడిచేసిన భాగవతం అవుతుంది. ఈ ఆటకి ఇంగ్లీషే దుస్తులు.

వయాగ్రా బాయ్స్‌లో పాడే సెబాస్టియన్ మర్ఫీ కాలిఫోర్నియాలో పుట్టి, కుర్రతనంలో స్వీడన్ వచ్చినవాడు. అతను పెరిగింది ఇంగ్లీషులోనే. ఇంటర్నెట్‌లో రోజంతా కూర్చుని కుట్ర సిద్ధాంతాలు నమ్మే మగాళ్లని వెక్కిరిస్తాడు, ఆ మగాళ్లు మాట్లాడేది ఇంగ్లీషు. వెనక బేస్, సాక్సోఫోన్ బురదలో దొర్లుతున్నట్టు ఉంటాయి. బేస్ గారూ, మీ పేరుకి తగ్గ బ్యాండ్, మీరు వినలేదంటే ఆశ్చర్యం.

---

బెజవాడ_బేస్

విన్నాను. బేస్ లైన్లు రాసుకుని వాయిస్తున్నాను కూడా. సరే, వాళ్లకి మినహాయింపు. ఘోస్ట్‌కి ఇవ్వను. వేషం బాగుంది, లోపల మనిషి ఎక్కడ అని నా ప్రశ్న.

మీరెవరూ చెప్పని ఉదాహరణ నేనే చెప్తా. 2025 మెలొడీఫెస్టివాలెన్, అదే, యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీకి స్వీడన్ పాటని ఎంచే పోటీ. సౌనా (ఆవిరి స్నానపు గది) మీద సరదా పాటతో కాయ్ అనే ముగ్గురు గెలిచారు. 2015లో యూరోవిజన్ గెలిచిన మోన్స్ సెల్మెర్‌లేవ్ ఎదురుగా ఉండగా! స్వీడన్ యూరోవిజన్‌కి స్వీడిష్ పాట పంపడం 1998 తర్వాత అదే మొదటిసారి. 1999లో సొంత భాషలోనే పాడాలన్న నియమం ఎత్తేయగానే ఇంగ్లీషులోకి దూకి, 26 ఏళ్లకి వెనక్కి వచ్చారు. బాసెల్‌లో జరిగిన యూరోవిజన్‌లో నాలుగో స్థానం. జనానికి కావలసింది ఏమిటో తెలియడం లేదా?

---

యోతెబోరి_యాదగిరి

బేస్ తమ్ముడూ, ఒక చిన్న సంగతి మర్చిపోయావు. కాయ్ స్వీడన్ వాళ్లు కాదు. ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే వొరో అనే ఊరివాళ్లు. పాటలో ఆ ఊరి యాస, మధ్యలో ఫిన్నిష్ మాటలు. స్టాక్‌హోమ్ వాళ్లకి సిగ్గనిపించిన భాషని పక్క దేశం అల్పసంఖ్యాకులు వచ్చి పాడిపెట్టారు. ఇది నీ వాదనకి బలమో దెబ్బో నువ్వే తేల్చుకో.

నేను గోథెన్‌బర్గ్‌లో ఉంటాను, ఇక్కడివాళ్లు యోతెబోరి అంటారు. ఈ ఊరికి మెటల్‌లో ఒక సొంత బాణీ ఉంది. ఎట్ ద గేట్స్, ఇన్ ఫ్లేమ్స్, డార్క్ ట్రాంక్విలిటీ. ముగ్గురూ ఇంగ్లీషే. కానీ రెండు గిటార్లు కలిసి పాడే ఆ విషాదపు మెలొడీ ఎక్కడిది? ఇన్ ఫ్లేమ్స్ మొదటి ఆల్బమ్ 1994 'లూనార్ స్ట్రెయిన్' తీసి చూడు. అందులో 'హోర్గలోటెన్' అని మాటల్లేని ముక్క ఉంటుంది. హెల్సింగ్‌లాండ్ జానపద ఫిడేలు పాట. హోర్గ అనే ఊరికి దయ్యం ఫిడేలు పట్టుకుని వచ్చి, కుర్రాళ్లని చచ్చేదాకా ఆడించిందని కథ. ఆ ఫిడేలు గిటారులోకి వచ్చింది. పైన మాట ఇంగ్లీషైతే ఏం, కింద నడిచేది ఆ దయ్యమే.

ఎట్ ద గేట్స్ గాయకుడు తోమాస్ లిండ్‌బెర్గ్ 2025 సెప్టెంబరులో 52 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. ఆ వారం ఊర్లో ఏ బార్‌లో చూసినా 1995 నాటి 'స్లాటర్ ఆఫ్ ద సోల్' మోగింది. ఇంగ్లీషు పాటలకి ఏడ్చింది స్వీడిష్ వాళ్లే. నేను కూడా.

---

డబుల్_పెడల్

యాదగిరన్నా 🤘

---

రిటైర్డ్_రాగం

పిల్లలూ, మీ మెటల్ నాకు తలనొప్పి. కానీ భాష మాట వచ్చింది కనుక దూరుతున్నాను. నేను మైలాపూర్‌లో 40 ఏళ్లు ఉన్న తెలుగువాణ్ణి.

త్యాగరాజు తిరువయ్యారులో కూర్చుని తెలుగులో రాశాడు. రెండొందల ఏళ్లుగా తమిళులు ఆ కృతులు పాడుతున్నారు, వింటున్నారు, కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. మాటకి మాట అర్థం తెలిసినవాళ్లు ఎంతమంది? మాట తెలియకపోయినా పాట అందుతుందనడానికి మైలాపూర్ సభలో ఏ సాయంత్రమైనా సాక్ష్యం. కాబట్టి బేస్ బాబు స్వీడిష్ పాట విని పరవశించడాన్ని నేను వెక్కిరించను.

కానీ దీనికి రెండో వైపు ఉంది, అది మనవాళ్లు ఎక్కువగా చెప్పుకోరు. తంజావూరులో తెలుగు ఎందుకు వచ్చింది? నాయక రాజులు, తర్వాత మరాఠా రాజుల కొలువులో అది మర్యాద గల భాష. పాటంటే తెలుగే అన్నంతగా పాతుకుపోయింది. 1940ల్లో తమిళ ఇసై (అంటే తమిళ సంగీతం) ఉద్యమం వచ్చి, "మా ఊరి కచేరీలో మా భాష ఏది?" అని అడిగింది. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో సభ పెట్టి మరీ అడిగారు. అప్పుడు తెలుగు కృతుల పక్షాన నిలిచిన పండితులు ఏమన్నారు? సంగీతానికి భాష లేదు, తెలుగు సహజంగా పాటకి ఒదుగుతుంది, అని. అంటే నాయనా, ఆ కథలో ఇంగ్లీషు వేషం మనది. ఇవాళ స్వీడన్ తరఫున నువ్వు అంటున్నది అప్పుడు తమిళులు అన్న మాట.

త్యాగరాజుకి మాత్రం తెలుగు ఇంటి భాష. కొలువుకి రమ్మంటే పోనివాడు. ఆయన భాషని ఎంచుకోలేదు, అది ఆయనలో ఉంది. మీ ఓకర్‌ఫెల్ట్ ఎవరో ఆయనకి రెండూ లోపలే ఉన్నాయేమో, అది ఎవరు చెప్పగలరు?

---

బెజవాడ_బేస్

రాగం గారూ, ఇది నేను ఊహించని వైపు నుంచి తగిలింది. కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. తమిళ ఇసై వాళ్లు అడిగింది న్యాయమే కదా? మరి స్వీడన్‌లో ఎవరైనా అలా అడగొద్దా?

---

కిస్టా_కాఫీ

అడిగేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పాడి చూపించినవాళ్లూ ఉన్నారు. డంగెన్ అనే రాక్ బ్యాండ్ మొదటి నుంచీ స్వీడిష్‌లోనే పాడుతోంది, 2022 ఆల్బమ్‌తో సహా. వాళ్లని నెత్తిన పెట్టుకున్నది ఎక్కువగా అమెరికా శ్రోతలు, అదో తమాషా. ఇంగ్లీషులో పేరు తెచ్చుకున్న మాండో డియావో బ్యాండ్ 2012లో హఠాత్తుగా గుస్తావ్ ఫ్రేడింగ్ కవితలు తీసుకుని 'ఇన్‌ఫ్రూసెత్' చేసింది. ఫ్రేడింగ్ 1911లో పోయిన కవి, మనకి గురజాడలా అందరూ బడిలో చదివే మనిషి. ఆ రికార్డు ఇక్కడ విపరీతంగా అమ్ముడుపోయింది. తర్వాత వాళ్లు మళ్లీ ఇంగ్లీషుకి వెళ్లిపోయారు. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి, ఎవరి ఇష్టం వాళ్లది. 1941లో తమిళులకి ఉన్న ఇబ్బంది ఇక్కడ లేదు.

---

యోతెబోరి_యాదగిరి

తలుపులు తెరిచి ఉన్నాయి సరే, గది ఉండొద్దూ?

నా బాధ భాష గురించి కాదు. ఈ దేశంలో ఇన్ని బ్యాండ్లు ఎందుకు పుట్టాయో చెప్తా. ఒకటి, మున్సిపాలిటీ సంగీత బడి. ఇప్పుడు కుల్టూర్‌స్కూలా అంటారు. మా అమ్మాయి చెల్లో నేర్చుకుంటోంది, వాయిద్యం కూడా వాళ్లే అద్దెకి ఇచ్చారు. ఇందాక చెప్పిన మాక్స్ మార్టిన్ కూడా ఇలాంటి బడి వల్లే ఇంతవాణ్ణయ్యానని చెప్పుకున్నాడు. రెండు, స్టూడియెఫర్బుండ్ అనే వయోజన విద్యా సంఘాలు. నలుగురు కుర్రాళ్లు కలిసి 'స్టడీ సర్కిల్' అని పేరు రాయించుకుంటే రిహార్సల్ గది, డ్రమ్ సెట్, ఆంప్ దొరుకుతాయి. ఎన్ని గంటలు వాయించారో రిజిస్టర్‌లో రాయాలి. నేను వారానికోసారి వెళ్లే గదిలో డ్రమ్ సెట్ సింబల్‌కి (ఇత్తడి తాళానికి) పగులు, హీటర్ పనిచేయదు, పక్క గదిలో ఎప్పుడూ ఒకే బ్లాక్ మెటల్ పాట. అయినా ఆ గది లేకపోతే మేం లేం.

2023లో ప్రభుత్వం ఈ సంఘాల గ్రాంట్లకి కోత ప్రకటించింది, ఏటా పెంచుకుంటూ పోయి 2026కి 50 కోట్ల క్రోనర్లు. చిన్న ఊళ్లలో గదులు మూతపడుతున్నాయి. ఫాగెర్‌స్టా లాంటి చిన్న పారిశ్రామిక పట్నం నుంచి ది హైవ్స్ అనే రాక్ బ్యాండ్ వచ్చింది. 2025 ఆగస్టులో కొత్త ఆల్బమ్ ఇచ్చి, 30 ఏళ్ల తర్వాత కూడా కుర్రాళ్లలా గెంతుతోంది. రేపు అలాంటి ఊర్లో డ్రమ్స్ ఎక్కడ కొడతారు? అపార్ట్‌మెంట్‌లో కొడితే పక్కింటాయన పోలీసుల్ని పిలుస్తాడు, స్వీడిష్‌లో పాడినా పిలుస్తాడు.

---

సందు_చివర_స్పీకర్

అన్నా, కోత ఊరికే రాలేదు కదా. కొన్ని సంఘాల్లో లేని మనుషులకి, జరగని సర్కిళ్లకి గంటలు రాసి గ్రాంట్లు తీసుకున్నారని బయటపడింది. మన దగ్గర హాస్టల్ రిజిస్టర్ కథ లాంటిదే.

---

యోతెబోరి_యాదగిరి

నిజమే. దొంగలెక్కలు రాసినవాణ్ణి పట్టుకోండి. దానికి నా సింబల్ ఏం చేసింది?

---

నిర్వాహకుడు

గ్రాంట్ల మీద విడిగా చర్చ పెట్టుకోండి. ఇక్కడ భాష.

---

రిటైర్డ్_రాగం

నిర్వాహకుడు గారూ, ఒక్క నిమిషం. మా మనవడు పొద్దున ఒకటి వినిపించాడు. 1964లో యాన్ యోహాన్సన్ అనే పియానో ఆయన చేసిన రికార్డు. స్వీడన్ జానపదాలు, పియానో, పక్కన యోర్గ్ రీడెల్ బేస్, ఇంకెవరూ లేరు. దాని పేరుకి అర్థం 'స్వీడిష్‌లో జాజ్' అట. మొత్తం రికార్డులో ఒక్క మాట లేదు! మాట లేకుండా "స్వీడిష్‌లో" అని ఎలా అన్నాడు ఆ మహానుభావుడు? బేస్ బాబు ఈ రికార్డు వినాలి.

---

బెజవాడ_బేస్

విన్నానండీ, ఇప్పుడే రెండుసార్లు. రీడెల్ ఎక్కడా ఒక్క స్వరం ఎక్కువ వాయించలేదు. నా చేతులు కట్టేసుకోవాలనిపించింది.

సరే, ఎక్కడికి వచ్చానో చెప్తాను. యాదగిరి అన్న చెప్పిన ఫిడేలు దయ్యం, ఈ పియానో, రెండూ విన్నాక "ఇంగ్లీషులో ప్రాణం ఉండదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న రాత్రి 'ద లాస్ట్ విల్' కూడా ఈసారి కథ చదువుకుంటూ విన్నాను. గత శతాబ్దం మొదట్లో ఒక పెద్ద ఇంటి యజమాని చనిపోతాడు, వీలునామా చదువుతుంటే కుటుంబం గుట్టు ఒక్కో పేరాలో బయటపడుతుంది. పాటలకి పేర్లు కూడా లేవు, పేరాల నెంబర్లే, చివరి పాటకి తప్ప. మధ్యలో బ్రిటిష్ బ్యాండ్ జెత్రో టల్ గాయకుడు ఇయన్ ఆండర్సన్ గొంతు, ఫ్లూటు వినిపిస్తాయి. ఆయన చేత స్వీడిష్ చదివించలేరు కదా. ఇది ఇంగ్లీషులో పుట్టినదే, ఒప్పుకుంటున్నాను.

2019 ఆల్బమ్ మీద మాత్రం తగ్గను. స్వీడిష్ వెర్షనే గొప్పది. ఘోస్ట్ మీద కూడా తగ్గను, పెడల్ తమ్ముడు ఎంత కొట్టినా.

---

డబుల్_పెడల్

కొడతనే ఉంట.

---

కిస్టా_కాఫీ

'ఇన్ కౌడా' స్వీడిష్ సాహిత్యం ఈ వారాంతం కూర్చుని తెలుగులో అర్థం చెప్తాను, బేస్ గారు అడగకపోయినా. కానీ ముందే హెచ్చరిక: అర్థం తెలిశాక అదే ఇష్టం ఉంటుందని గ్యారంటీ లేదు.

---

బెజవాడ_బేస్

వద్దండీ. ఇంకో నెల ఆగి చెప్పండి. ముందు మా ఇంట్లో గ్లాస్, గ్లస్స్ తేడా చెప్పబోయి, ఎండలో వెళ్లి ఐదుగురికి ఐస్‌క్రీమ్ తేవాల్సొచ్చింది.